ఉత్త కాళ్ల సాక్ష్యం

అండమాన్ ప్రయాణానికి ఇంకా పది రోజులున్నాయనగా ఎబెనేజర్ పోతిరెడ్డిపల్లిలోని అత్తగారింటికి వచ్చి, హాల్లో గోడకు ఒక చార్టు అంటించి పోయాడు. అందులో ఇరవై రెండు ప్రమాదాలున్నాయి. ఎండదెబ్బ, దోమకాటు, జెల్లీ చేపలు, లోపలికి గుంజే అలలు, పగడపు రాళ్లు, ఐసు వేసిన జ్యూసులు, కోసి ఈగల ముందు పెట్టిన పండ్లు, తల మీద పడే కొబ్బరికాయలు. ఒక్కొక్కటి జరిగే అవకాశమెంత, జరిగితే నష్టమెంత అని లెక్కగట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు కూడా వేశాడు. కొబ్బరికాయకు ఎరుపు పడింది.

ఎబెనేజర్ పటాన్‌చెరులో ఒక రసాయనాల కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్. పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు కార్మికులను వరసగా నిలబెట్టి, ఇవాళ ఎవరు ఎక్కడ జారిపడే వీలుందో, ఎవరి వేలు ఎందులో ఇరుక్కునే వీలుందో పది నిమిషాలు చెప్పడం అతని పని. దాన్ని టూల్‌బాక్స్ టాక్ అంటారు. మనిషి బంగారమే, కానీ ఉద్యోగం అతనితోపాటు ఇంటికి కూడా వచ్చేస్తుంది. పెళ్లినాడు కేకు కోయబోయే ముందు కత్తి ఎటు తిప్పి పట్టుకోవాలో పెళ్లికూతురు డెబోరాకు వివరించాడని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

"మనం సముద్రం సూడవోతున్నమా, సముద్రానికి ఇన్‌స్పెక్షన్ చేయవోతున్నమా?" అని మామ సుందర్‌రాజు చార్టు ముందు నిలబడి భార్యను అడిగాడు.

"పోనియ్యండి, పిలగాడు మన మంచికే చెప్తున్నడు," అంది సుకుమారి. "నాకు సముద్రం కావాలె, అంతే. నాలుగు దిక్కుల నీళ్లుంటె ద్వీపం, మూడు దిక్కులుంటె ద్వీపకల్పం అని ముప్పై ఏండ్లు పిల్లలకు చెప్పిన. మంజీర డ్యాము తప్ప నేను ఒక్క దిక్కు నీళ్లు కూడ సూడలే."

ఆమె సంగారెడ్డిలో బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. సుందర్‌రాజు పటాన్‌చెరులో మందుల కంపెనీ బాయిలర్ దగ్గర ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి, నిరుడే ఇంటికి వచ్చాడు.

ఆ చార్టులో లేని ఇరవై మూడో ప్రమాదం ఒకటుంది. అది సుందర్‌రాజుకు ఒక్కడికే తెలుసు. ఫిబ్రవరిలో షుగరు చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరు అతన్ని కండ్లు మూసుకోమని, "పాదానికి ఏదన్న తగిలితె చెప్పున్రి" అన్నాడు. సుందర్‌రాజు ఇప్పుడు తగుల్తుంది, ఇప్పుడు తగుల్తుంది అని ఎదురుచూశాడు. విసుగొచ్చి కండ్లు తెరిచేసరికి డాక్టరు రెండు పాదాలూ గుచ్చడం ముగించి, చేతులు కడుక్కుంటున్నాడు.

"నరాలు పోయినయి పెద్దాయనా. ఇగ మీ కాళ్లు కాలినా తెల్వది, తెగినా తెల్వది. ఇంట్ల కూడ చెప్పులు లేకుంట అడుగు వెయ్యొద్దు. దినాం అరికాళ్లు అద్దంల సూసుకోన్రి. ఇంట్లోళ్లకు చెప్పున్రి," అన్నాడు డాక్టరు.

"ఏమన్నడు?" అని ఇంటికి రాగానే సుకుమారి అడిగింది.

"అంత మంచిగనే ఉన్నది అన్నడు."

అబద్ధం సుందర్‌రాజుకు కొత్త కాదు. పెద్ద పెద్దవి ఆడే ఓపిక అతనికి లేదు కానీ, చిన్నవి మంచినీళ్లలా వచ్చేవి. తిన్న మైసూర్‌పాకు తినలేదనేవాడు. పేకాటను ఓవర్‌టైమ్ అనేవాడు. ఈసారి మాత్రం సరదాకు ఆడలేదు, భయపడి ఆడాడు. ఇంటెనక బాలప్పకు ఇట్లాగే షుగరుతో ఒక కాలు తీసేశారు. అప్పటినుంచి చూడవచ్చినవాళ్లు బాలప్ప ముందే కూర్చుని, "తింటున్నడా? నిద్ర పోతున్నడా?" అని కోడలిని అడుగుతారు. మనిషిని బతికుండగానే మాటల్లోంచి తీసేశారు. తనకూ ఆ గతి పడుతుందేమోనని సుందర్‌రాజు నోరు మూసుకున్నాడు.

సుకుమారికి భర్త మీద ఉన్న దిగులు మాత్రం వేరే. ఆయన ఆరోగ్యం గురించి ఆమెకు బెంగ లేదు, ఆత్మ గురించే బెంగ. చర్చికి వస్తాడు, కాదనడు. వచ్చి, ప్రసంగంలో బండి తాళంచెవి చెవిలో పెట్టి తిప్పుకుంటాడు. ప్రార్థన మొదలైతే కాలు ఊపడం మొదలుపెడతాడు. ఆయన ఊపుడుకు బెంచీ అంతా ఊగి, పక్కవాళ్లు దేవుణ్ని వదిలి బెంచీని పట్టుకుంటారు. ప్రభువు ఈ మనిషిని ఒక్కసారి ముట్టుకోవాలని ఆమె ముప్పై మూడేళ్లుగా మోకాళ్ల మీద అడుగుతోంది.

మే నెల రెండో వారంలో నలుగురూ విమానమెక్కారు. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగిన మర్నాటి పొద్దున ఏడింటికల్లా ఎబెనేజర్ హోటల్ వరండాలో అత్తమామలనూ భార్యనూ వరసగా నిలబెట్టాడు. మూతి బిగించిన సీసా నీళ్లే తాగాలి. దాహం వేయకముందే తాగాలి. సన్‌స్క్రీన్ క్రీము రెండు గంటలకోసారి పూసుకోవాలి. ఎర్రజెండా ఉన్నచోట నీళ్లలో దిగకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, బీచ్‌లో బూట్లు తీయకూడదు.

"పగడపు రాళ్లు బ్లేడు లెక్క కోస్తయి మామయ్యా. బూటు ఇప్పితె నేనూరుకోను," అన్నాడు, నలుగురికీ ఒకేరకం రబ్బరు అడుగుల బూట్లు, తెల్ల సాక్సులు పంచిపెడుతూ.

సుందర్‌రాజుకు ప్రాణం లేచొచ్చింది. ఎవరికీ నోరు విప్పి చెప్పకుండానే డాక్టరు మాట నెరవేరిపోయింది. అల్లుడి మీద మొదటిసారి నిజమైన ప్రేమ పుట్టి, ముఖం మీద క్రీము ఇంత మందాన పూస్తుంటే కూడా కదలకుండా నిలబడ్డాడు.

ఓడ హేవ్‌లాక్ దీవి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. సామాను హోటల్లో పడేసి నేరుగా బీచ్‌కు నడిచారు. చెట్లు దాటగానే సముద్రం కనిపించింది. సుకుమారి టక్కున ఆగిపోయింది. నీలం రంగు నీళ్లు, వాటి వెనక మళ్లీ నీళ్లు, ఎంత చూసినా అవతలి గట్టు లేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముందుగాల ప్రార్థన. ప్రభువుకు స్తోత్రం చెప్పకుంట నేను ఆ నీళ్లు ముట్ట," అని వంగి బూట్లు విప్పింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పోతిరెడ్డిపల్లి చర్చిలో ఆదివారం ఎంతమంది వచ్చారో లోపలికి పోయి లెక్కపెట్టనక్కర్లేదు, మెట్ల కింద చెప్పుల కుప్ప చూస్తే చాలు. ప్రార్థన అంటే చెప్పులు విడవాలి. తాతలనాటి నుంచి అంతే. ఆసుపత్రి వార్డులో ప్రార్థన చేసినా, కొత్త ట్రాక్టరు ముందు చేసినా చెప్పులు విడుస్తారు. అది ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. అందుకే ఇరవై రెండు ప్రమాదాలు కనిపెట్టిన ఎబెనేజర్ కూడా "ప్రార్థన" అన్న మాట చెవిన పడగానే వంగి, తన లేసులు తానే విప్పుకున్నాడు. డెబోరా కూడా విప్పింది. సాక్సులు కూడా తీసి మడతపెట్టారు.

సుందర్‌రాజు కుడితిలో పడ్డ ఎలుకయ్యాడు. విప్పనంటే ఎందుకంటారు. ఎందుకో చెప్తే ఇక అంతా బయటపడుతుంది. రెండు నిమిషాల ప్రార్థనకేమవుతుందిలే అనుకుని విప్పేశాడు.

ప్రార్థన ఎబెనేజర్ మొదలుపెట్టాడు, అదీ తాను చెట్టు నీడలో నిలబడి. క్షేమంగా తీసుకొచ్చినందుకు స్తోత్రం చెప్పి అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. కానీ అతను ప్రార్థనలో కూడా సేఫ్టీ ఆఫీసరే. "దయగల ప్రభువా, డెంగీ దోమ నుంచి మమ్ముల తప్పించుము. జెల్లీ చేప నుంచి తప్పించుము. సరిగ్గ ఉడకని రొయ్యల నుంచి తప్పించుము..." అంటూ చార్టులో ఒక్కటీ వదలకుండా నడిచాడు. మూడో ప్రమాదానికి డెబోరా ఎగిరి తన చేతిసంచి మీద నిలబడింది. ఐదోదానికి సుకుమారి ఓర్చుకోలేక, కండ్లు మూసుకునే, తడి ఇసుకలోకి నాలుగడుగులు జరిగింది. మే నెల ఎండకు ఆ తెల్ల ఇసుక పల్లీలు వేయించే బట్టీలో ఇసుకలా కాగి ఉంది.

సుందర్‌రాజు మాత్రం దాని నట్టనడుమ కొయ్యలా నిలబడ్డాడు. కాలు ఊపితే ఎవరన్నా తన పాదాలవైపు చూస్తారని జన్మలో మొదటిసారి ఊపకుండా బిగబట్టాడు. చెమటకు నుదుటి మీది క్రీము కరిగి కండ్లలోకి దిగింది. భగ్గున మండి నీళ్లు ధారలు కట్టాయి. హోటల్లో చేపలు పులుసు పెడతారా, వేయిస్తారా అని ఆలోచిస్తూ, ప్రార్థనలో కొబ్బరికాయ వంతు ఎప్పుడొస్తుందా, ఆమెన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు. అప్పుడే సుకుమారి ఒక కన్ను తెరిచింది.

ఆమెన్ రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. సుకుమారి వచ్చి ఆయన చేయి పట్టుకుంది.

"మీరు కాలు ఊపలే," అంది. "నేను సూసిన. ఏడ్చిండ్రు కూడ."

"నాన్న బాయిలర్ మనిషి మమ్మీ, వేడి అలవాటు," అంది డెబోరా, అరికాళ్లు ఊదుకుంటూ.

"బాయిలర్ కాదు బిడ్డా. పరిశుద్ధాత్మ ముట్టుకుంది. అందుకే కాల్లేదు."

నిజం చెప్పడానికి సుందర్‌రాజు నోరు తెరిచాడు. కానీ ఆమె ముఖం చూసి మూసుకున్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె తనవైపు అట్లా చూడటం ఇది రెండోసారి. మొదటిసారి డెబోరా పుట్టినరోజు, అప్పుడు కూడా నిజానికి బిడ్డనే చూసింది, తను పక్కన ఉన్నాడంతే.

ఆ సాయంత్రం బాత్రూంలో గడియ పెట్టుకుని అరికాళ్లు అద్దంలో చూసుకున్నాడు. పూరీలు పొంగినట్టు పొంగి ఉన్నాయి. ఎడమ పాదంలో ఒక పొక్కు అప్పటికే చితికి, కింద ఎర్రగా కనిపిస్తోంది. నొప్పి మాత్రం లేదు. అంత పుండు చూస్తూ కూడా నొప్పి లేకపోవడం అతనికి నొప్పికన్నా ఎక్కువ భయం పుట్టించింది.

అల్లుడి మందులపెట్టెలోంచి గాజుగుడ్డ చుట్ట ఒకటి లేపుకొచ్చి కట్టుకున్నాడు. ఆ పెట్టెకు ఒక నోటుపుస్తకం దారంతో వేలాడుతుంది, ఎవరు ఏది తీసినా కారణం రాయాలని రూలు. సుందర్‌రాజు 'దోమ కుట్టింది' అని రాశాడు. మర్నాటి టూల్‌బాక్స్ టాక్ ముప్పావుగంట దోమల మీదే నడిచింది. రెండు మీటర్ల గాజుగుడ్డ పట్టే దోమ ఏ జాతిదో ఎబెనేజర్‌కు అంతుపట్టలేదు.

ఆ తర్వాత రెండు రోజులూ సుందర్‌రాజు తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. సుకుమారి చిన్నపిల్లలా అలలతో ఆడుకుంటుంటే, జలుబు వంక పెట్టి, బూట్లు వేసుకుని గట్టునే కూర్చున్నాడు. ఆయన ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని ఆమె దగ్గరికెవరినీ పోనివ్వలేదు. పైగా చర్చిలో ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రి అధ్యక్షురాలు పుష్పమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పింది. పుష్పమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. వీళ్లు దీవి మీద ఉండగానే పోతిరెడ్డిపల్లి నుంచి కొండాపూర్ దాకా సుందర్‌రాజు భక్తుడైపోయాడు.

శనివారం రాత్రికి ఇల్లు చేరారు. ఆదివారం పొద్దున సుందర్‌రాజు, "జెర జరమొచ్చినట్టున్నది, నేను రాను," అన్నాడు. అబద్ధాల పుట్టలోంచి ఆరోజు ఒక నిజం వచ్చింది, ఒళ్లు నిజంగానే వెచ్చగా ఉంది. సుకుమారి నమ్మలేదు.

"ఇయ్యాల నా సాక్ష్యమున్నది, ప్రభువు చేసిన మేలు అందరి ముందట చెప్పాలె. మీరు రాకుంటె ఎట్ల? లేవున్రి."

చర్చి మెట్ల దగ్గర బూట్లు విడిచి, తెల్ల సాక్సులతో లోపలికి పోయి మగవాళ్ల వైపు చివరి బెంచీలో, ఎబెనేజర్ పక్కన కూర్చున్నాడు. పాటలయ్యాక థామస్ అయ్యగారు సుకుమారిని పిలిచి మైకు ఇచ్చారు. ఆ మైకుకు బయట రెండు స్పీకర్లున్నాయి. సగం పోతిరెడ్డిపల్లికి వినిపిస్తుంది.

"ఆ ఇసుక మీద నేను రెండు నిమిషాలు నిలవలేకపోయిన," అని మొదలుపెట్టింది సుకుమారి. "ఈయన ఇరవై నిమిషాలు నిలవడ్డడు. ప్రార్థనల కాలు ఊపే మనిషని మీకందరికి తెల్సు. ఊపలే. కండ్లల్ల నీళ్లు ధార గట్టినయి. ముప్పై మూడేండ్లు అడిగిన అయ్యగారూ. ప్రభువు ఇన్నడు."

"స్తోత్రం!" అన్నారు అందరూ. కొందరు వెనక్కి తిరిగి సుందర్‌రాజుకు చేతులు జోడించారు.

సుందర్‌రాజు తల వంచుకున్నాడు. వంచుకుంటే సాక్సు మీద ఈగ కనిపించింది. తర్వాత మూడు కనిపించాయి. ఎడమ సాక్సు కింద పసుపుపచ్చ తడి మరక పెద్దదవుతోంది. ఈగలు హాయిగా నడుస్తున్నాయి, తనకు ఒక్కటీ తెలియడం లేదు. ఇంకో గంట అంతే, చర్చి కాగానే ఎవరికీ తెలియకుండా ఆసుపత్రికి పోతాను అనుకున్నాడు. అప్పుడే ఆడవాళ్ల వైపు నుంచి రాధమ్మ లేచి నిలబడింది. రోడ్డవతల కాలనీలో ఒంటరిగా ఉండే అరవై ఏళ్ల మనిషి.

"అయ్యగారూ, నాకు పదిహేనేండ్ల సంది షుగరున్నది. కాళ్లు మొద్దుబారి పోయినయి. సుందరన్న లెక్క నేను కూడ వచ్చే ఆదివారం ఇంటికాడికెల్లి ఉత్త కాళ్లతోని నడిసొస్త. నన్ను కూడ ప్రభువు ముట్టుకుంటడు."

"స్తోత్రం!" అన్నారు మళ్లీ. సుకుమారి మైకులో ఇంకా గట్టిగా అంది.

రాధమ్మ ఇంటి నుంచి చర్చికి కిలోమీటరున్నర తారురోడ్డు. మే నెల. సుందర్‌రాజు బెంచీ పట్టుకుని లేచాడు.

"రాధమ్మక్కా, చెప్పులు ఇడువకు!"

అందరి తలలూ వెనక్కి తిరిగాయి.

"అది ఆత్మ కాదక్కా. షుగరు. నా కాళ్లకు స్పర్శ లేదు. డాక్టరు ఫిబ్రవరిలనే చెప్పిండు. నేను ఇంట్ల చెప్పలే. చెప్తె నన్ను రోగి చేసి మూలకు కూసోబెడ్తరని భయమైంది. కాల్లేదనుకుంటున్నరు, కాలింది. మంచిగ కాలింది."

ఎబెనేజర్ అప్పటికే కింద కూర్చుని, జేబులోని చిన్న కత్తెరతో సాక్సు కత్తిరిస్తున్నాడు. లోపల చూసి అతని ముఖం పాలిపోయింది. "బూట్లు ఇప్పుతుంటె ఆపకపోయింది నేనే," అన్నాడు. "ఇరవై రెండు రాసిన, ఇది రాయలే మామయ్యా." అంటూ ఏడ్చేశాడు.

సుకుమారి మైకు పట్టుకునే నడిచి వచ్చింది. తీగ చాలినంత దూరం వచ్చి ఆగింది. భర్త పాదం చూసింది. ఆయనను ఎప్పుడూ మీరు అనే మనిషి, మైకు చేతిలో ఉందన్న సంగతే మరిచింది.

"నొప్పి లేస్తలేదా నీకు?"

"లే."

"మరి కండ్లల్ల నీళ్లు?"

"అల్లుడు పూసిన క్రీము."

బయట స్పీకరు కింద ఎవరో నవ్వారు. లోపల ఎవరూ నవ్వలేదు.

"ప్రార్థనల ఏమనుకున్నవ్?"

ఆమె వినాలనుకుంటున్నదేమిటో సుందర్‌రాజుకు తెలుసు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"చేపలు పులుసు పెడ్తరా, ఏంపుతరా అని," అన్నాడు.

సుకుమారి చాలాసేపు ఆయన ముఖమే చూసింది. ఆమె సంతోషాన్ని ఊరందరి ముందు తన చేతులతో చంపేశానని సుందర్‌రాజుకు ఏడుపొచ్చింది. ఇవి క్రీము కన్నీళ్లు కావు. ఆమె అది కూడా చూసింది. చూసి, వెనక్కి తిరిగి మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"నా సాక్ష్యం ఇంక కాలే," అంది. "ముప్పై మూడేండ్ల సంది ఈ మనిషి నోట్లకెల్లి నేను గుంజకుంట ఒక్క నిజం రాలే. ఇయ్యాల నేను అడగకముందే వచ్చింది. నడిమిట్ల లేచి, అందరి ముందట చెప్పిండు. కాళ్లు కాలకపోవుడు ఏమి అద్భుతం? ఇది అద్భుతం. ప్రభువుకు స్తోత్రం. రాధమ్మా, నువ్వు కూసో, చెప్పులేసుకో."

ఈసారి స్తోత్రం అనడానికి అందరికీ కొంచెం టైము పట్టింది. కానీ అన్నప్పుడు కిటికీ అద్దాలు అదిరాయి.

సుందర్‌రాజును ఎబెనేజర్ కారులో పడేసుకుని సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయారు. డ్యూటీ డాక్టరమ్మ చూసి, ఇంకో రెండు రోజులాగితే వేళ్లు తీసేయాల్సి వచ్చేదని, ఇప్పుడైతే మానుతుందని, రెండు నెలలు కాలు కింద పెట్టకూడదని చెప్పింది. చచ్చిన చర్మం కత్తిరించి కట్టు కట్టడానికి గంట పడుతుందంది. పక్క మంచం మీద ఎవరో సూదికే కేకలు పెడుతున్నారు. సుందర్‌రాజు పెండ్లిపందిట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

సుకుమారి స్టూలు గుంజుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"గంట టైమున్నది," అంది. "ఇంకేమేం దాచిండ్రో అన్ని చెప్పున్రి. పెండ్లినాటి నుంచి మొదలుపెట్టున్రి."

సుందర్‌రాజు డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు. అల్లుడి వైపు చూశాడు. అల్లుడు కిటికీ వైపు తిరిగాడు. ఇక తప్పదని గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రెండు కాళ్లకూ కట్లు పూర్తయ్యేసరికి ఇంకా రెండు వేల నాలుగో సంవత్సరం అబద్ధాల దగ్గరే ఉన్నాడు.